టాపు కోసిన కారు, నూలుపోగు తీర్పు

ఆ రోజుల్లో మా కోయంబత్తూరులో వయసొచ్చిన ప్రతి మగపిల్లవాడికీ ఇంజను జబ్బు ఉండేది. మిల్లు సంగు, అంటే సైరను, కూతతో నిద్రలేచి, గ్రీజు వాసనలో పెరిగినవాళ్లు కదా, చేతికొక స్పానరు దొరికితే చాలు, బాగా నడుస్తున్నదాన్ని విప్పి ఇంకా బాగా నడిపించాలని చూసేవాళ్లు. (అలా విప్పాక ఇంకా బాగా నడిచినవి నేను ఎక్కువ చూడలేదు.) ఆ జబ్బు ఆడపిల్లలకు అంటుకోదని అందరి నమ్మకం. నాకు అంటుకుంది. అంటుకున్న సంగతి ఇంట్లో చాలాకాలం ఎవరూ కనిపెట్టలేదు, ఎందుకంటే నాకు అంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది: వాదన. ఇంజను గురించి అయినా ఇడ్లీపిండి గురించి అయినా నేను ఒకే గొంతుతో, ఒకే పట్టుదలతో మాట్లాడతాను కాబట్టి, ఏది నా ఇష్టమో ఏది వట్టి పంతమో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఇప్పటికీ పట్టదు. నాక్కూడా.

నేను ఫిజిక్సు రెండో ఏడు చదువుతున్నాను. మా బావ, అంటే మా అత్త కొడుకు, బోడినాయకనూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి బీకాం చదువుతున్నాడు. వాళ్లకు కొండమీద ఏలకుల తోట ఉంది. వాళ్ల నాన్న వాడటం మానేసిన పాత కారొకటి అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు తలుపులతో, ఎవరి జోలికీ పోని కారు. అది అలాగే ఉంటే ఈ కథ లేదు. బావ ఏదో ఇంగ్లీషు పత్రికలో టాపు లేని రేసు కారు బొమ్మ చూశాడు. మరుసటి ఆదివారం మా తాత మిల్లు వర్క్‌షాపులో హాక్సా పట్టుకుని ఆ కారు టాపు కోసి గోడకు ఆనించాడు. మిగిలినదానికి ఎర్ర రంగు వేసి, కళ్లజోడు పెట్టుకుని పోర్టికోలోకి తెచ్చి నిలిపాడు. మా అవ్వ బయటికొచ్చి చాలాసేపు చూసి, "ఏమిరా, టిఫిన్ క్యారియరు మూత ఎక్కడ పారేసుకుంటివి?" అని అడిగింది. "అవ్వా, ఇది స్పోర్ట్స్ కారు!" అన్నాడు బావ. "సరి సరి, వానొస్తే స్పోర్ట్స్ తెలుస్తాది," అంది అవ్వ.

కానీ మొదటి సవారీకి అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది ఆవిడే. ఆర్.ఎస్. పురంలో కాఫీపొడి కొనాలట. నేను ముందు సీటులో, అవ్వ వెనక సీటులో. రైలు గేటు దాకా అంతా వైభోగమే. గాలి, ఎండ, చూసేవాళ్ల నోళ్లు తెరుచుకోవడం. గేటు దగ్గర రోడ్డు పట్టాలను ఏటవాలుగా దాటుతుంది. ముందు చక్రం ఒకటి పైకి లేచింది, దానికి ఎదురు మూల వెనక చక్రం గుంటలోకి దిగింది. కారు ఒళ్లంతా ఒక్కసారి తడిబట్టను పిండినట్టు మెలితిరిగింది. అవ్వ పక్క తలుపు దానంతటదే హాయిగా తెరుచుకుంది.

"ఎవడ్రా తలుపు తీసింది?" అని అరిచింది అవ్వ, ఒక చేత్తో సీటునూ ఇంకో చేత్తో సంచినీ పట్టుకుని.

"ఎవరూ తీయలే అవ్వా. అదే తెరుసుకునింది."

"అదే తెరుసుకునేదానికి ఇదేమి వైకుంఠ వాకిలా? నన్ను దించు. నేను బస్సుకు పోతా!"

ఆ సాయంత్రం మొదలైంది మా యుద్ధం. నేను మైసూర్‌పాకు అట్టపెట్టె ఒకటి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. మూతతో మెలితిప్పి చూపించాను, తిరగలేదు. మూత తీసి తిప్పాను, విస్తరాకులా వంకర పోయింది. "చూసుకో. టాపంటే ఎండకు గొడుగు అనుకుంటివి నువ్వు. కారు సగం బలం దాంట్లోనే ఉండె. దాన్ని కోసేస్తివి. ఇప్పుడు కింద ఛాసీకి బలం పెట్టాల. ఇనుము వెల్డింగు పెట్టాల. లేకుంటే నీ స్పోర్ట్స్ కారు నులక మంచమే," అన్నాను. బావ నిదానంగా ఒక మైసూర్‌పాకు ముక్క తీసుకుని (పెట్టె ఖాళీ చేసి తేవడం మరిచిపోయాను, అది నా మొదటి తప్పు), "ఇనుము పెడితే బరువు. బరువు పెడితే వేగం పోతాది. నేను కష్టపడి బరువు తీసేస్తే నువ్వు తెచ్చి మళ్లా ఎక్కిస్తానంటావు. ఇది కారా, రోడ్డు రోలరా?" అన్నాడు. "వంగితే ఏమి పోయె? వెదురు వంగదా?" "వెదురుకు నాలుగు చక్రాలు పెట్టి నువ్వు మలుపు తిరుగు, నేను వెనకాల ఆస్పత్రి బండిలో వస్తా!" ఇలా మూడు వారాలు. టిఫినుకు ముందు ఛాసీ, టిఫిను తర్వాత ఛాసీ. ఇంటికి చుట్టాలు రావడం తగ్గించారు.

మా తాత మాటలతో ఏదీ తేల్చే మనిషి కాదు. కుర్రవయసులో ఎవరిదో మిల్లులో తెగిన పోగులు అతికే పనితో మొదలుపెట్టి, తన సొంత చిన్న మిల్లు దాకా వచ్చినవాడు. ఆయనకు లోకంలో నమ్మదగ్గ సాక్షి ఒక్కటే, నూలుపోగు. ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇద్దరిదీ నోరు పోదుం, చాలు. నూలు చెప్తాది," అని లేచాడు. మిల్లు నుంచి ఒక కండె తెప్పించి, డాష్‌బోర్డు ఎడమ కొస నుంచి వెనక సీటు కుడి మూల దాకా, కారుకు అడ్డంగా ఏటవాలుగా, ఒకే ఒక్క పోగు లాగి కట్టాడు. ఇంకొంచెం లాగితే తెగుతుంది, లాగకుంటే తెగదు, అంత బిగువు. ఆ ముడి ఎక్కడుందో దగ్గరికెళ్లి చూసినా నాకు కనబడలేదు. కారు ఒళ్లు మెలితిరిగితే ఆ రెండు మూలల మధ్య దూరం మారాలి. మారితే పోగు తెగాలి. నా ఫిజిక్సు ప్రొఫెసరుకు కూడా తట్టని పరీక్ష! నేను ఎగిరి గంతేశాను. బావ కారు తీశాడు. మిల్లు గేటు ముందరి మోరీ దాటగానే పోగు టప్పున తెగింది.

"తెగింది! తెగింది! గెలిచాను!" అన్నాను.

"ఏం గెలిస్తివి?" అన్నాడు బావ. "వంగుతాది అని నేనే చెప్తినే! వంగితే నష్టమని ఎవరు చెప్పింది? ఇనుము పెట్టినాక తెగదని ఏమి గ్యారంటీ?"

తాత ఇద్దరినీ చూసి తీర్పు చెప్పాడు. వర్క్‌షాపులో నాకు వారం రోజులు. పాత ఇనుము ఎంతైనా తీసుకోవచ్చు, మేస్త్రీ సాయం చేస్తాడు. తర్వాత అందరం బోడి, అంటే బావవాళ్ల ఊరి, కొండ ఎక్కి తోటకు పోవాలి. కొండ కింద పోగు కడతాడు. తోట బంగళా చేరేదాకా పోగు నిలిస్తే నేను గెలిచినట్టు. తెగితే పెట్టిన ఇనుమంతా కోసేసి, ఛాసీ అనే మాట మా ఇంట్లో మళ్లీ ఎత్తకూడదు. "గెలిస్తే నాకేమి?" అని అడిగాను. "ఏమి కావాల?" అన్నాడు తాత. నా నోటినుంచి వచ్చిన మాట నాకే ఆశ్చర్యం. "కొండ దిగేటప్పుడు కారు నేను నడపాల."

వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది. అవ్వ బయటికొచ్చింది. "ఆడబిడ్డ స్టీరింగు పట్టుకునేదా? వేణ్డాం, వద్దు! చేతులు కాయలు కాస్తాయి. చూసేవాళ్లు ఏమనుకుంటారు?" మా ఇంట్లో అప్పటిదాకా ఏ ఆడమనిషీ కారు నడపలేదు. నేను మాత్రం ఆరునెలలుగా, అవ్వ పూజలో ఉన్న వేళల్లో, దూది గోడౌనుకూ క్యాంటీనుకూ మధ్య మిల్లు వ్యాను మీద మేస్త్రీ దగ్గర నేర్చుకుంటున్నాను. లైసెన్సు కూడా వచ్చేసింది, ఫిజిక్సు రికార్డు పుస్తకం అట్టలో దాచిపెట్టాను. నడపడం వచ్చు, నడపడానికి రోడ్డు లేదు. ఆ రోడ్డు ఇప్పుడు ఒక నూలుపోగు మీద వేలాడుతోంది. "అవ్వా, పందెం పందెమే," అన్నాడు తాత (ఆయనా ఆవిణ్ణి మాలాగే అవ్వా అనేవాడు). "తెగుతాది లే, నువ్వు భయపడబాక." నాకు ఒళ్లు మండిపోయింది. తెగుతుందట!

ఆ వారం కాలేజీలో నేనేం విన్నానో దేవుడికే తెలియాలి. సాయంత్రాలన్నీ వర్క్‌షాపులోనే. మేస్త్రీ పాత స్పిన్నింగు యంత్రం నుంచి తీసేసిన రెండు పొడుగాటి ఇనుప దూలాలు వెతికిపెట్టాడు. తలుపుల కింద, ఇటొకటి అటొకటి, ముందునుంచి వెనక్కి వెల్డింగు చేశాం. ముందు సీట్ల వెనక ఒక అడ్డ గొట్టం. సీటు కింద ఇంటూ గుర్తులా రెండు గొట్టాలు. అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ త్రిభుజం వంగదని నేను కొత్తగా చదువుకున్నాను, కొత్తగా చదువుకున్నవాళ్లను ఆపడం కష్టం. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ త్రిభుజం. ఐదోరోజు మేస్త్రీ ముసుగు పైకెత్తి, చెమట తుడుచుకుని, "పాపా, ఇంక రాడ్డు తగిలించేదానికి సోటు లే. ఇది కారే కదా? రైలు పాలం కాదే?" అని, వంతెన కాదు కదా అన్నట్టు అడిగాడు. జాకీ తెచ్చి ముందు చక్రం ఒకటి లేపి చూశాం. ఇదివరకు అలా లేపితే ఒక తలుపు దానంతటదే తెరుచుకునేది, ఇంకోటి బిగుసుకుపోయేది. ఇప్పుడు ముందు చక్రంతో పాటు అదే పక్క వెనక చక్రం కూడా మర్యాదగా పైకి లేచింది. తలుపు తీశాను, టక్కుమని తెరుచుకుంది. వేశాను, టక్కుమని పడింది. తీశాను, వేశాను, తీశాను, వేశాను. ఆ టక్కుమనే చప్పుడంత అందమైన సంగీతం నేను ఆ తర్వాత ఏ కచేరీలోనూ వినలేదు. మేస్త్రీ, నేనూ చిన్నపిల్లల్లా నవ్వాం. బావ వచ్చి, ఇనుము బరువుకు కుంగిన వెనక స్ప్రింగుల వంక చూసి, "కింద ఆనుకునిపోయిందే," అని మాత్రం అన్నాడు.

అనుకున్న రోజుకు ముందురోజే బోడి చేరి, పొద్దున అత్త ఇంట్లో టిఫిను చేసి, కొండ కింద ఎండలో కారు నిలిపాం. తాత కొత్త కండె తీసి పోగు కట్టాడు. ఇక దానికి ఎవరూ తగలకూడదు. తాత ముందు సీటులో తలుపుకు ఒరిగి కూర్చున్నాడు. బావ స్టీరింగు దగ్గర. వెనక ఎడమ పక్కన అవ్వ, నా గొట్టాల్లో ఒకదాని మీద కాళ్లు పెట్టుకుని, "ఇది కారు సీటా, అటకా?" అని గొణుగుతూ. ఆమెను ఆనుకుని నేను, ఊపిరి తీస్తే పోగు తెగుతుందేమోనని ఊపిరి బిగబట్టి. ఫోటో తీసి ఉంటే నలుగురం గాలిలేని చోట తుఫానుకు వంగిపోయినట్టు ఉండేవాళ్లం.

ఎక్కడం మొదలుపెట్టగానే నా త్రిభుజాల సంగతి తెలిసింది. కారు ఎక్కదు. రెండో గేరులో ఏడ్చి, మొదటి గేరులో మూలిగి, మనిషి నడకకు కొంచెం ముందుండేది. ఏలకుల మూటల జీపు ఒకటి మమ్మల్ని దాటింది. పాలక్యాన్ల వ్యాను దాటింది. ఒక బస్సు దాటుతూ నెమ్మదించింది, కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి వంగి, "తంబీ, తళ్ళి విడట్టుమా?" అని నెట్టమంటారా అన్నట్టు అడిగాడు. బస్సంతా నవ్వింది. బావ ముఖం వెలిగిపోయింది. "విన్నావా? బరువు అని నేను చెప్పలే? చెప్పలేదా? ఇది స్పోర్ట్స్ కారు అంట! చీమలు కూడా హారను కొట్టి దాటి పోతాయి!" జవాబు తర్వాత చెప్పొచ్చు అనుకున్నాను. (జీవితంలో నేను జవాబు వాయిదా వేసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.) నా కళ్లు పోగు మీదే.

అప్పుడొచ్చింది మొదటి హెయిర్‌పిన్ మలుపు. టాపు కోసిన కొత్తలో మలుపు అంటే ముందు సగం ఒక దిక్కు, వెనక సగం తీరిగ్గా ఆలోచించుకుని ఇంకో దిక్కు పోయేవి. ఈసారి బావ స్టీరింగు తిప్పగానే కారు మొత్తం ఒక్క మనిషిలా తిరిగింది. గీత గీసినట్టు. రెండో మలుపు కావాలనే కొంచెం వేగంగా తీసుకున్నాడు, నాకు తెలిసిపోయింది. మూడోది ఇంకొంచెం. నాలుగో మలుపులో బావ నోటినుంచి, ఆపుకోలేక, "ఆహా!" అని వచ్చింది.

"ఏమంటివి?" అన్నాను వెంటనే.

"ఏమీ అనలే. దగ్గు వచ్చింది."

"దగ్గు ఆహా అని వస్తాదా?"

"సుమ్మా ఉండండి రెండుపేరూ, ఇద్దరూ నోరు మూయండి! రోడ్డు చూడరా!" అంది అవ్వ.

సగం కొండ దాటాక మంచు కమ్ముకుంది. పది అడుగుల ముందు ఏమీ కనబడదు. టాపు లేదు కదా, అవ్వ చీర కొంగు, తాత కండువా, బావ కళ్లజోడు అన్నీ తడిసిపోయాయి. పోగు మీద సన్నటి నీటిచుక్కలు బారుగా నిలబడ్డాయి, ముత్యాలదండ లాగా. తోటకు తిరిగే దగ్గర రోడ్డు సగం కొట్టుకుపోయిన చోటు ఒకటి ఉంది. ఒక చక్రం రాతి మీద, దాని ఎదురు చక్రం గుంటలో. పోగు వణికింది. చుక్కలన్నీ రాలిపోయాయి. నేను అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తెగలేదు! బంగళా మెట్ల ముందు కారు ఆగింది. రేడియేటరు రైలింజనులా పొగలు కక్కుతోంది. పోగు అలాగే ఉంది. నేను పెట్టిన కేకకు తోటలో పనిచేసేవాళ్లు ఏనుగు వచ్చిందనుకుని పరుగెత్తి వచ్చారట.

బావ వదలలేదు. ఎన్ని బళ్లు మమ్మల్ని దాటాయో ఏకరువు పెట్టాడు. తాత ఏమీ వినలేదు. దిగి, పోగును బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని ఒకసారి నెమ్మదిగా నలిపాడు. వేళ్లు చూసుకున్నాడు. ఆకాశం చూశాడు. తర్వాత బావ దగ్గర తాళం తీసుకుని నా చేతిలో పెట్టాడు. "తెగలే కదా. మాటంటే మాట."

భోజనాలయ్యాక దిగాం. పోగు విప్పుదామని బావ అంటే, "ఉండనీ, ఏమడుగుతాది?" అన్నాడు తాత. నా పాదాల కింద పెడళ్లు, చేతుల్లో స్టీరింగు, ముందు కొండంత ఖాళీ. దిగేటప్పుడు బరువు అడ్డు కాదు, పైగా తోడు. రెండో గేరులో పెట్టి మొదటి మలుపు తిప్పాను. కారు నా మాట విన్నది. మా ఇంట్లో అప్పటిదాకా నా మాట పూర్తిగా విన్నది అదొక్కటే. రెండో మలుపు, మూడో మలుపు, ఎదురొచ్చిన బస్సుకు దారి ఇచ్చి పక్కకు తీయడం, కండక్టరు నోరు తెరవడం (పొద్దున నవ్వినవాడేనని నేను గట్టిగా నమ్ముతాను). అవ్వ కళ్లు మూసుకుని దేవుడి పేర్లు చదువుతోంది. బావ కూడా కళ్లు మూసుకున్నాడు, దేవుడి పేర్లు అంతగా రావు కాబట్టి ఊరికే. మంచు దాటి ఎండలోకి వచ్చాం. ఎండ, గాలి, ఎర్ర కారు, నేను! ఇంక రెండు మలుపులే ఉన్నాయి. అప్పుడు టప్పుమంది. పోగు కొన నా ఎడమ చెవిని తాకి వెళ్లింది.

తాత వైపు చూశాను. ఆయన తొందర లేకుండా తెగిన పోగును వేలికి చుట్టుకుని, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమి సద్దు అది?" అన్నాడు బావ, కళ్లు తెరవకుండానే.

"ఏమీ లే," అన్నాడు తాత. నాతో మాత్రం, "రోడ్డు చూడు, అమ్మణీ," అన్నాడు.

ఎందుకు తెగిందో నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. డిగ్రీ అయ్యాక తాత మిల్లులోనే నూలు పరీక్షించే గదిలో పనికి చేరాను. మొదటివారం నాచేత చేయించిన మొదటి పని, ఒకే కండెలోని పోగును పొడిగా ఒకసారి, తేమగా ఒకసారి లాగి తెంచి చూడటం. తేమ పట్టిన పత్తినూలు పొడిదానికంటే గట్టిది, ఎక్కువ సాగుతుంది కూడా! మిల్లులో మాటిమాటికీ నీటి తుంపర చల్లేది అందుకే. ఇరవయ్యేళ్లు మిల్లు పక్కనే పెరిగాను, కాలేజీలో ఫిజిక్సు చదివాను, ఆ ముక్క తెలియదు. ఆ రోజు పైన పోగు నిలిచింది నా త్రిభుజాల వల్లో కాదో తేలకుండా మంచు మధ్యలో దూరి సాక్ష్యం పాడుచేసింది, కింద ఎండలో ఆరగానే పోగు తెగింది. యంత్రం అక్కడే వదిలి తాత గదికి పరుగెత్తాను.

"తాతా! ఆ పొద్దు బోడి కొండమీద నీకు తెలుసు!"

"ఏమి తెలుసు?"

"పోగు తడిసిండాదని! తడిస్తే తెగదని!"

"ఇన్నేండ్లు నూలుతో ఉండినోనికి ఆ మాత్రం తెలీదా?" అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ.

"మరి ఏంటికి చెప్పలే? నేను గెలవలేదు కదా?"

"నీ చేతికి తాళం ఇచ్చేదానికి నాకొక కారణం కావాల్సుండె, అమ్మణీ. సుమ్మా, ఊరికే ఇస్తే అవ్వ ఒప్పుకుంటాదా? మేస్త్రీ పక్కన కూర్చుని గోడౌను చుట్టూ తిరుగుతా ఉంటివే, ఆరు నెలలుగా కిటికీలో చూస్తానే ఉంటిని. పో, పని చూసుకో."

ఇక అసలు ప్రశ్న. స్పోర్ట్స్ కారుకు ఛాసీ గట్టిచేయడం లాభమా, దండగా? ఇన్నేళ్లకు నా తీర్పు ఇది. టాపున్న కారుకు దండగ. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి, మలుపులో అవే ఆదుకుంటాయి. టాపు కోసిన మూర్ఖుడి కారుకు తప్పనిసరి. కానీ తలుపుల కింద రెండు దూలాలు, వెనక ఒక అడ్డ గొట్టం, అక్కడితో ఆపండి. మిగతా త్రిభుజాలన్నీ కారు కోసం పెట్టినవి కావు, పంతొమ్మిదేళ్ల పంతం కోసం పెట్టినవి. అంటే సగం నేను రైటు, సగం బావ రైటు. ఈ వాక్యం రాయడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

ఆ బావనే పెళ్లి చేసుకున్నాను. (ఇంకెవరు చేసుకుంటారు, ఎవరిని?) ఇప్పటికీ ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే, పోగు తెగకుండా కొండ ఎక్కించిన కథ ఆయనే చెబుతారు, బస్సు దాటిన ముక్క మరిచిపోకుండా. చివర్లో "ఆమే గెలిచింది, ఏం చేసేది?" అని ఒప్పుకుంటారు. అప్పుడు నేను కాఫీ కలుపుతూ లోపలే ఉండిపోతాను. నిజం చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కానీ ఆ వెనక సీటులో ఊపిరి బిగబట్టి కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. అంత నమ్మకంగా, అంత తప్పుగా, అంత సంతోషంగా ఉన్న పిల్ల. దాని చేతిలోంచి తాళం లాక్కోవడానికి నాకు చేతులు రావు. మా ఆయన తమిళ బడిలో చదువుకున్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను. ఒకవేళ మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆయనకు చదివి వినిపించాల్సి వస్తే, దయచేసి బంగళా మెట్ల దగ్గర కారు ఆపేయండి.